పండుగ చివరి ఆయకట్టుకు అందాలి

(ధ్యానాంశం: లూకా 2:1–20)



డిసెంబరు 26 ఉదయాన మన పల్లెలు ఎలా ఉంటాయో ఒకసారి తలచుకోండి. గుడి ముందు వేసిన షామియానా విప్పేస్తుంటారు. మైకుసెట్టు వాళ్లు వైర్లు చుట్టుకుంటుంటారు. హైదరాబాదు నుంచి వచ్చిన కొడుకులు, కోడళ్లు సంచులు సర్దుకుని మిర్యాలగూడ బస్సుకో రైలుకో బయలుదేరుతుంటారు. వాకిట్లో వేసిన ముగ్గు మీద అప్పటికే ట్రాక్టరు టైరు గుర్తులు పడి ఉంటాయి. త్రిపురారం మొదలుకొని మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరకు ఏ ఊరిలో చూసినా ఇదే దృశ్యం. "పండుగ మంచిగ అయిపోయింది ఫాదర్" అంటారు మనవాళ్లు సంతోషంగా.

పండుగ మంచిగా జరిగిందంటే నాకూ సంతోషమే. అయితే "అయిపోయింది" అన్న మాట దగ్గరే కొంచెం ఆగాలి. నాలుగు ఆదివారాల ఆగమనకాలం గడిపాం. నవదిన ప్రార్థనలు చేశాం. చలిలో వీధి వీధీ తిరిగి డప్పు, హార్మోనియంతో కీర్తనలు పాడాం. ఇంత ఎదురుచూసిన పండుగ ఒక్క మధ్యాహ్న భోజనంతో ముగిసిపోతుందా? పెండ్లి జరిగిన ఇంట్లో పదహారు రోజుల పండుగ చేసుకునే సంప్రదాయం మనది. తాళి కట్టిన మరునాడే పచ్చని పందిరి పీకేస్తే పెద్దలు ఒప్పుకుంటారా? మరి లోకరక్షకుడు పుట్టిన పండుగ పందిరిని మరునాడే పీకేయడానికి మనకెందుకింత తొందర?

శ్రీసభ ఇచ్చిన గడువు

మన తల్లి శ్రీసభ లెక్క వేరు. డిసెంబరు 25 నుంచి జనవరి 1 దాకా ఎనిమిది రోజులను ఆమె ఒకే పెద్ద పండుగ రోజుగా లెక్కిస్తుంది. ఆ ఎనిమిది రోజులూ దివ్యబలిపూజలో దేవదూతల మహిమ గీతం పాడతాం. డిసెంబరు 30న ఉదయం పూజకు పదిమందే వచ్చి ఉండవచ్చు. అయినా గురువు మొదటి దివ్యసత్ప్రసాద ప్రార్థన చెప్పినట్లయితే, కన్య మరియమాత లోకరక్షకుణ్ణి కన్న ఈ పవిత్ర దినాన్ని కొనియాడుతున్నాము అన్న భావంతోనే ప్రార్థిస్తాడు. అయిదు రోజుల కిందటి దినమని అనడు, ఈ దినమనే అంటాడు. శ్రీసభ దృష్టిలో పండుగ ఇంకా నడుస్తూనే ఉంది. ఎనిమిది రోజులు పూర్తయినాక కూడా క్రీస్తు సాక్షాత్కార పండుగ వస్తుంది. చివరికి ప్రభువు జ్ఞానస్నాన పండుగతో గాని క్రీస్తు జయంతి కాలం ముగియదు.

ఇంత గడువు ఎందుకు? మన రైతుకు అర్థమయ్యే మాటలో చెబుతాను. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ వచ్చాక ఈ ప్రాంతం మెట్ట నుంచి మాగాణిగా మారింది. కానీ తూము ఎత్తిన రోజునే నీళ్లు ఆఖరి మడికి చేరవని ఇక్కడి ప్రతి రైతుకూ తెలుసు. ముందు పెద్ద కాలువ నిండాలి. తరువాత మేజర్లు, మైనర్లు, పిల్ల కాలువలు నిండాలి. పైనున్న వాళ్లు తమ మడి నిండగానే గండి పూడ్చి కిందికి వదలాలి. అలా వదలకపోతే, లేదా పైన తూము తొందరపడి దించేస్తే, చివరి ఆయకట్టు ఎండిపోతుంది. అక్కడి రైతుకు సాగర్ నిండినా ఒకటే, నిండకపోయినా ఒకటే.

క్రీస్తు జయంతి రాత్రి పరలోకపు తూము లేచింది. కృప పారుతున్నది. మన ఇల్లు, మన వాకిలి, మన విస్తరి ముందుగా నిండాయి. అది తప్పు కాదు. అయితే కింద ఇంకా తడవని మడులున్నాయి. ఆ సంతోషం వాటికి కూడా చేరడానికే శ్రీసభ తూమును ఇన్ని రోజులు ఎత్తి ఉంచింది. మనం మాత్రం 25 సాయంత్రానికే దించేస్తున్నాం.

పునీత తోమా అక్వినాసు తన గొప్ప వేదాంత గ్రంథం మూడవ భాగాన్ని ఒక ప్రశ్నతో మొదలుపెడతాడు. దేవుడు మనిషి కావడం తగిన పనేనా అని అడుగుతాడు. ఆయన ఇచ్చిన జవాబు సారాంశం ఇది: మంచితనానికి తనను తాను పంచుకోవడమే స్వభావం. దేవుడు సర్వోన్నతమైన మంచితనం. కనుక ఆయన తనను సర్వోన్నతంగా పంచుకోవడం, అంటే మన స్వభావాన్నే తనతో ఏకం చేసుకోవడం, ఎంతో తగిన పని. తత్వశాస్త్రం పాఠంలా వినిపించినా ఇది మన అమ్మలకు తెలిసిన సంగతే. అరిసెలు వండిన ఇల్లాలు పక్కింటికి గిన్నె పంపకుండా ఉండలేదు. అదే స్వభావం దేవునిది. పంచకుండా దాచుకున్న పండుగ దేవుని పండుగ కాదు.

1223వ సంవత్సరంలో ఇటలీలోని గ్రెచ్చో అనే పల్లెలో అసిసిపుర పునీత ఫ్రాన్సిస్ క్రీస్తు జయంతి రాత్రి ఒక పశువుల తొట్టిని, ఎండుగడ్డిని, ఒక ఎద్దును, ఒక గాడిదను సిద్ధం చేయించాడు. మనం నేడు గుడిలో, ఇంట్లో కట్టుకునే పశువుల పాకకు అదే నాంది. 2019లో ఫ్రాన్సిస్ పోపుగారు పశువుల పాక గురించి ఒక ప్రేషిత లేఖ రాసి, ఆ గ్రెచ్చోలోనే దానిపై సంతకం చేశారు. అందులో ఆయన ఒక సంగతి గుర్తు చేశారు. ఆ మొదటి పాకలో బొమ్మలు లేవు. దివిటీలు పట్టుకుని చుట్టుపక్కల నుంచి వచ్చిన మనుషులే ఆ దృశ్యంలో భాగమయ్యారు. ఈ మాట మనం మనసులో పెట్టుకోవాలి. మన పాకలో బొమ్మలన్నీ వరుసగా ఉండి, తొట్టి చుట్టూ ఉండవలసిన మనుషులు కొందరు లేకపోతే, పాక పూర్తయినట్లా?

ఆ లేని మనుషులు ఎవరో కనుక్కోవడానికి వెతుక్కోనక్కరలేదు. శ్రీసభ దైవార్చన కాలపట్టికే రోజుకొక గుమ్మం చూపిస్తున్నది.

డిసెంబరు 26 నుంచి 29: మాటల్లేని అన్నదమ్ముల గుమ్మం

పండుగ మరునాడే పునీత స్తెఫాను. బాలయేసు ఉయ్యాల పక్కన శ్రీసభ మొదటి వేదసాక్షిని నిలబెడుతుంది. రాళ్లు పడుతుండగానే, కొట్టేవారి మీద ఆ పాపం మోపవద్దని ప్రార్థించి ప్రాణం విడిచిన వాడు ఆయన (అ.కా. 7:60). మరునాడు 27న ప్రేమను గూర్చి బోధించిన పునీత యోహాను పండుగ. 29న, అది ఆదివారం కాని యెడల, మొదటి పఠనం ఆ యోహానుగారి మొదటి లేఖ నుంచే వస్తుంది. వెలుగులో ఉన్నానని చెప్పుకుంటూ సోదరుణ్ణి ద్వేషించేవాడు ఇంకా చీకటిలోనే ఉన్నాడని దాని సారాంశం (1 యోహాను 2:9–11). ఇంటి ముందు నక్షత్రం వెలుగుతున్న రోజుల్లో వచ్చే మాట ఇది! నక్షత్రంలో బల్బు వెలిగినంత మాత్రాన ఇల్లు వెలుగులో ఉన్నట్టు కాదని శ్రీసభ మెల్లగా మన చెవిలో చెబుతున్నది.

మన ఊళ్లలో అన్నదమ్ముల మధ్య మాట తప్పిపోవడానికి ఎక్కువగా కారణం ఏమిటి? గట్టు. కాలువ వంతు. తండ్రి పోయాక పంపకంలో వచ్చిన అరగుంట తేడా. అమ్మను ఎవరు చూసుకోవాలన్న వాదన. రాత్రి పూజ అయ్యాక ఇద్దరూ ఒకే వరుసలో నిలబడతారు. ముందు అన్న, నలుగురి వెనుక తమ్ముడు. ఇద్దరూ వంగి ఒకే బాలయేసు పాదాలు ముద్దుపెట్టుకుంటారు. తరువాత ఒకరి ముఖం ఒకరు చూడకుండా రెండు దారులు పడతారు. పిల్లలు మాత్రం వెనక్కి తిరిగి తమ చిన్నాయన పిల్లల కొత్త బట్టలు చూసుకుంటూ నడుస్తారు. పలకరించాలని వాళ్లకుంటుంది. నాయినకు కోపమొస్తుందని భయం.

సోదరునికి నీ మీద ఏదైనా మనస్పర్థ ఉన్నదని గుర్తుకువస్తే, కానుకను పీఠం ముందే విడిచి, వెళ్లి సమాధానపడి రమ్మన్నాడు ప్రభువు (మత్తయి 5:23–24). ఆయన అడిగింది నీకు కోపముందా అని కాదు, అవతలివానికి నీ మీద బాధ ఉందా అని. తప్పు ఎవరిదన్న లెక్క తేలేదాకా ఆగమని ఆయన చెప్పలేదు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. "అయితే నా హక్కు వదులుకోమంటారా ఫాదర్? నా గట్టు వాడు దున్నేశాడు గదా!" కాదు. న్యాయం అడగడం పాపం కాదు. గట్టు సంగతి సర్వేయరు గొలుసు వేసి తేలుస్తాడు. పెద్దమనుషులు కూర్చుని చెబుతారు. దానికి వేరే రోజులున్నాయి. కానీ గట్టు తేలేదాకా మాట కూడా బంద్ కావాలని ఏ చట్టంలోనూ లేదు, ఏ సువిశేషంలోనూ లేదు. కనుక ఈ ఎనిమిది రోజుల్లో ఒక సాయంత్రం అరిసెల గిన్నె పట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ గుమ్మం ఎక్కండి. గట్టు మాట ఎత్తకండి. "తమ్మీ, పండుగకు పలకరిద్దామని వచ్చినం" అంటే చాలు. వాళ్లు లోపలికి రమ్మనకపోవచ్చు. బెత్లెహేములో జోజప్పకు కూడా ఎవరూ తలుపు తీయలేదు. తలుపు తట్టడం మన వంతు, తీయడం వాళ్ల వంతు.

డిసెంబరు 28: నక్షత్రం కట్టని గుమ్మం

ఈ పండుగ రోజుల నడుమ డిసెంబరు 28న శ్రీసభ ఒక ఏడుపు వినిపిస్తుంది. హేరోదు చంపించిన బెత్లెహేము పసిబిడ్డల స్మరణ అది. బిడ్డలు లేరని, ఓదార్పు వద్దని విలపించే తల్లి గొంతును మత్తయి సువార్తికుడు ఆ చోట వినిపిస్తాడు (2:18). ఇంత సంతోషం నడుమ ఈ దుఃఖం ఎందుకని అనిపిస్తుంది. కానీ మన ఊరిని చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ఆ ఏడాది చావు జరిగిన ఇంట్లో పండుగ చేయరు. సున్నం వేయరు, నక్షత్రం కట్టరు, కొత్తబట్టలు కొనరు. వీధి అంతా వెలుగుతుంటే ఆ ఒక్క వాకిలి చీకటిగా ఉంటుంది. బోరులో నీళ్లు పడక, తెచ్చిన అప్పు తీరక ప్రాణం తీసుకున్న రైతు ఇల్లు కావచ్చు. రోడ్డు ప్రమాదంలో చేతికందిన కొడుకును పోగొట్టుకున్న ఇల్లు కావచ్చు. కాన్పులో బిడ్డ దక్కని చిన్న వయసు తల్లి కావచ్చు. కీర్తనలు పాడే యువకులు ఆ వాకిలి వచ్చేసరికి డప్పు ఆపి, తలవంచుకుని దాటిపోతారు. గౌరవంతోనే అలా చేస్తారు. కానీ లోపల కూర్చున్న ఆ తల్లికి ఏమనిపిస్తుంది? పండుగ నా ఇల్లు దాటి వెళ్లిపోయిందని కదా?

దుఃఖంలో ఉన్న ఇంటికి క్రీస్తు జయంతి లేదని శ్రీసభ ఎన్నడూ చెప్పలేదు. ఆ ఏడుపుకు పండుగ నడిబొడ్డునే చోటిచ్చింది. కనుక ఆ వాకిలి దాటిపోకండి. డప్పు కొట్టకండి, కేకు కూడా తీసుకుపోనక్కరలేదు. ఇద్దరు ముగ్గురు వెళ్లి కూర్చోండి. పోయిన మనిషి పేరు ఎత్తి మాట్లాడండి. అందరూ ఆ పేరు ఎత్తకుండా తప్పుకుంటుంటే ఇంటివాళ్లకు అదొక రెండవ చావు. ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్పి లేవండి. ఆ ఇంటికి మీరే నక్షత్రం.

ప్రాణం తీసుకున్నవాడి కోసం ప్రార్థించవచ్చునా అని కొందరు గొంతు తగ్గించి అడుగుతుంటారు. తప్పక ప్రార్థించవచ్చు. తానై ప్రాణం తీసుకున్నవారి నిత్యరక్షణ గురించి నిరాశపడరాదని, దేవునికి మాత్రమే తెలిసిన మార్గాల్లో వారికి పశ్చాత్తాప అవకాశం ఆయన ఇవ్వగలడని, వారి కోసం శ్రీసభ ప్రార్థిస్తుందని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం బోధిస్తున్నది. ఆ విధవరాలికి ఈ మాట ఎవరైనా చెప్పారా?

డిసెంబరు 30: అన్నమ్మ కూర్చున్న గుమ్మం

డిసెంబరు 30న సువిశేషంలో అన్నమ్మ అనే ప్రవక్తి కనిపిస్తుంది. పెళ్లయిన ఏడేళ్లకే భర్తను పోగొట్టుకుని, ఎనభై నాలుగేళ్ల వయసులో దేవాలయాన్నే అంటిపెట్టుకుని ఉన్న ముసలమ్మ (లూకా 2:36–38). అంతకుముందే సిమియోను అనే వృద్ధుడు బాలయేసును చేతుల్లోకి తీసుకున్నాడు. ప్రభువును మొదట గుర్తుపట్టి నలుగురికీ చెప్పినవారిలో ఈ ఇద్దరు ముసలివాళ్లున్నారు.

మన ఊళ్లలో అన్నమ్మలు ఎందరో. పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, కొందరు అమెరికాలో. పండుగకు వచ్చినవాళ్లు ఒక రాత్రి ఉండి పోతారు. రానివాళ్లు ఫోనులో బొమ్మ కనిపించేలా మాట్లాడతారు. అది కూడా మంచిదే, వద్దని నేను అనను. కానీ ఫోను పెట్టేశాక, బిడ్డలు బస్సెక్కాక, మిగిలిన కూర గిన్నెల మధ్య ఆ తల్లి ఒక్కతే కూర్చుంటుంది. నిన్న పదిమంది తిన్న ఇంట్లో ఈ రోజు తనకొక్కదానికి పొయ్యి వెలిగించబుద్ధి కాదు. ఆమెకు పండుగ కంటే పండుగ మరునాడే కష్టం.

దూరాన ఉన్న బిడ్డలారా, సెలవు ఒక్కరోజు పొడిగించగలిగితే పొడిగించండి. కొత్త చీర ఇచ్చినదానికంటే ఆ ఒక్కరోజు ఎక్కువగా గుర్తుంటుంది. ఊళ్లో ఉన్న యువకులారా, చలిరాత్రి పూజకు రాలేకపోయిన ముసలివాళ్లు ఎవరెవరో మీకు తెలుసు. వాళ్ల పేర్లు మీ విచారణ గురువుకు చెప్పండి. దివ్యసత్ప్రసాదం వాళ్ల ఇంటికే తీసుకువస్తారు. మీరు కూడా వెంట వచ్చి వాళ్ల మంచం దగ్గర ఒక కీర్తన పాడండి. సిమియోను చేతులు వణికినా బాలయేసు ఆ చేతుల్లోకి వెళ్లాడు గదా.

తిరుకుటుంబ పండుగ, జనవరి 1: వలసవచ్చినవారి గుమ్మం

ఈ ఎనిమిది రోజుల్లో వచ్చే ఆదివారం తిరుకుటుంబ పండుగ. మరియ, జోజప్ప, యేసుల కుటుంబాన్ని మనం గోడమీద పటంలో ప్రశాంతంగా చూస్తాం. కానీ సువిశేషంలో ఆ కుటుంబం ఎక్కువ కాలం దారిమీదే ఉంది. జనాభా లెక్కల కోసం నజరేతు నుంచి బెత్లెహేముకు నడిచారు. ప్రాణభయంతో రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోయారు. పరాయి దేశంలో, పరాయి భాష మధ్య బతికారు.

మన మిర్యాలగూడ రైసుమిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు ఎక్కడివారు? ఎందరో బీహారు, ఒడిశా రాష్ట్రాల నుంచి వచ్చినవారు. పండుగనాడు మన విస్తరిలో వడ్డించిన అన్నం ఏదో ఒక దశలో వారి భుజం మీదుగా వచ్చి ఉండవచ్చు. వారికి ఇక్కడ చుట్టం లేడు, పక్కం లేడు. వారిలో ఎవరైనా మన విశ్వాసులైతే ఏ గుడి ఎక్కడుందో చెప్పేవారు కూడా ఉండరు. విందు చేసినప్పుడు తిరిగి పిలవగల స్నేహితులను, బంధువులను, ధనికులైన ఇరుగుపొరుగును కాక, తిరిగి ఇవ్వలేనివారిని పిలవమన్నాడు ప్రభువు (లూకా 14:12–14). బంధువులకు అన్నం పెట్టవద్దని దాని భావం కాదు. పెట్టి తిరిగి తీసుకునేది వాయినం లాంటిది, తిరిగిరానిదే కానుక అని భావం. పరలోకం నుంచి మనకు వచ్చిన కానుకను మనం తిరిగి ఇవ్వగలమా?

జనవరి 1న దేవమాత మహోత్సవం. 1968 నుంచి శ్రీసభ ఆ రోజునే ప్రపంచ శాంతి దినంగా కూడా పాటిస్తున్నది. ఆ నాటి సువిశేషంలో మళ్లీ గొర్రెల కాపరులే కనిపిస్తారు. ఒట్టి చేతులతో, గొర్రెల వాసనతో వచ్చిన ఆ కూలి మనుషులను మరియమాత లోపలికి రానిచ్చింది. వారు చెప్పిన మాటలన్నీ మనసులో భద్రపరచుకుంది. ఈ తల్లి బిడ్డలం మనం. పనికి వచ్చినవాళ్లను వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడే అలవాటు మనకెక్కడి నుంచి వచ్చింది?

సాక్షాత్కార పండుగ: ఇరుగుపొరుగు గుమ్మం

తూర్పు నుంచి జ్ఞానులు వచ్చి బాలయేసును ఆరాధించారు. వారు యూదులు కారు. వారి భాష వేరు, వారి ఆచారం వేరు. కానీ నక్షత్రం వారికీ కనిపించింది.

మన పల్లెల్లో ఈ పాఠం కొంతవరకు సహజంగానే ఉంది. క్రిస్మసుకు మన ఇంటి నుంచి అరిసెలు వెళ్తాయి, సంక్రాంతికి వాళ్లింటి నుంచి సకినాలు వస్తాయి, రంజానుకు సేమియా వస్తుంది. ఈ గిన్నెల రాకపోకలు చిన్న సంగతి కాదు. మనుషులను మతం పేరుతో విడదీసే మాటలు గాలిలో ఎక్కువైన రోజుల్లో, ఆ గిన్నె ఒక సాక్ష్యం. ఆ గిన్నెను ఆపకండి. పిల్లల చేత పంపి ఊరుకోక మీరే తీసుకుని వెళ్లండి. వారి ఇంట్లో కూర్చుని వారి మంచిచెడ్డలు అడగండి. జ్ఞానులు వచ్చిన దారిన కాక వేరొక దారిన తిరిగి వెళ్లారు. మనుషుల గుమ్మం ఎక్కి వచ్చినవాళ్లు కూడా వెళ్లినప్పటిలా తిరిగిరారు. ఎంతో కొంత మారి వస్తారు.

ప్రభువు జ్ఞానస్నానం: మన గుడి గుమ్మం

కాలం చివర యోర్దాను నది. పాపుల వరుసలో, అందరితో పాటు, పాపమెరుగని ప్రభువు నిలబడ్డాడు. నాకు వేరే రేవు కావాలని అడగలేదు. వరుసలో ముందు నిలబెట్టమని అడగలేదు.

ఈ మాట దగ్గర మన క్రైస్తవ సంఘం గురించి కూడా ఒక నిజం చెప్పుకోవాలి. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోనిగారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితులలో మొదటి కార్డినల్. మన గుళ్లలో గంటలు మోగాయి, మనమందరం గర్వపడ్డాం. అంతకుముందు 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారత కోసం ఒక విధానపత్రాన్ని వెలువరించి, శ్రీసభ లోపల కులవివక్ష పాపమని తేటతెల్లం చేసింది. పైన తూము లేచింది. నీళ్లు మన ఊరి గుడిదాకా వచ్చాయా? పండుగనాటి సహపంక్తి భోజనంలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు? ఎవరు తిన్నాక ఎవరు తిన్నారు? మన ఇంటి విందుకు ఏ వీధివారు వచ్చారు, ఏ వీధివారు రాలేదు? పూజలో ఒకే అప్పాన్ని పంచుకున్న నోళ్లు మధ్యాహ్నానికి వేరు వేరు పంక్తులైతే, మనం రాత్రి పుచ్చుకున్నది ఎవరిని?

మనందరికీ జ్ఞానస్నానం ఇచ్చిన తొట్టి ఒక్కటే. క్రీస్తును ధరించుకున్నవారిలో జాతిభేదం లేదని, అందరూ ఒక్కటేనని పౌలుగారు గలతీయులకు బోధించారు (3:27–28). ఈ ఒక్క మడి తడవకపోతే ఎడమ కాలువ అంత పండుగ పారినా మన సంఘం మెట్టగానే మిగిలిపోతుంది.

ఇంటింటికీ ఒక మనవి

ప్రియ విశ్వాసులారా, ఇందుకు ఖర్చు ఏమీ లేదు. పండుగకు అప్పు చేసి పెద్ద విందు పెట్టమని నేను అడగడం లేదు, అప్పు చేసి చేసిన పండుగ సంతోషాన్ని యాసంగి పంట మింగేస్తుంది. నేను అడిగేది రెండే.

మొదటిది, ఇంటి ముందు కట్టిన నక్షత్రాన్ని ప్రభువు జ్ఞానస్నాన పండుగ దాకా విప్పకండి. ఎవరైనా "ఇంకా ఉంచారేం?" అని అడిగితే, "పండుగ ఇంకా కావల్సినోళ్లకు అందలేదు" అని చెప్పండి.

రెండవది, ఈ రాత్రి భోజనాలయ్యాక కుటుంబమంతా పశువుల పాక ముందు కూర్చుని, మన పండుగ ఇంకా చేరని గుమ్మం ఏదో మాట్లాడుకోండి. అది తమ్ముని ఇల్లు కావచ్చు, చీకటి వాకిలి కావచ్చు, ముసలమ్మ మంచం కావచ్చు, మిల్లు షెడ్డు కావచ్చు, పక్క వీధి కావచ్చు. ఒక్క గుమ్మం ఎంచుకోండి. పెద్దలకు గుర్తుకు రాకపోతే పిల్లల్ని అడగండి, వాళ్లు వెంటనే చెబుతారు. అక్కడికి వెళ్లి వచ్చిన రోజే మీ ఇంట నక్షత్రం విప్పండి.

వానాకాలపు వరి ఇంటికి చేరింది. యాసంగి నారుమళ్లు పచ్చబడుతున్నాయి. కాలువ పారుతున్నప్పుడే మడి తడుపుకోవాలి, కట్టేశాక మోటారు పెట్టినా రాదు. దేవుని కృప పారుతున్న రోజులివి.

ప్రార్థించుదము: పశువుల తొట్టిలో పవళించిన ఓ బాలయేసువా, మా ఇంటికి వచ్చినట్లే, మేము మరచిన ఇండ్లకు కూడా నీవు రావాలని ఆశిస్తున్నావు. అక్కడికి నడిచే కాళ్లుగా మమ్మును వాడుకొనుము. మాట తప్పిన చోట మొదటి మాట పలికే ధైర్యం మాకిమ్ము. ఏడ్చే ఇంట కూర్చునే ఓపిక మాకిమ్ము. దేవమాత మరియమ్మా, పునీత జోజప్పా, మా కుటుంబాల కోసం వేడుకొనండి. ఆమెన్.

మీకందరికీ క్రీస్తు జయంతి కాలపు శుభాశీస్సులు.